పసుపు కుంకుమ పొలం అమ్మమంటున్నారు, ఏం చెయ్యాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాలకొల్లు దగ్గర ఊరు, పెళ్లయి పదకొండేళ్లు, ఇద్దరు పిల్లలు. మీవారు నాలుగెకరాల రొయ్యల చెరువు లీజుకి తీసుకుని వరసగా రెండు పంటలు పోగొట్టుకున్నారు. అప్పు "ఒక పద్దెనిమిది లక్షల దాకా" ఉందంటున్నారు. మీరు ఇంట్లోనే మగ్గం వర్కు చేసి నెలకు పన్నెండు నుంచి పద్నాలుగు వేలు సంపాదిస్తున్నారు. చించినాడ వంతెన అవతల, దిండి దాటాక, మీ పుట్టింటి ఊళ్లో నాన్నగారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన 60 సెంట్ల వరి పొలం ఉంది. అది అమ్మేసి అప్పు తీర్చేద్దాం అంటున్నారు మీవారు. "మొగుడి కష్టానికి అక్కరకు రాని ఆస్తి ఎందుకు?" అని అత్తగారు. "అది అమ్మితే మా గడప తొక్కొద్దు" అని అన్నయ్య. వీళ్లందరి మధ్యా నలిగిపోయి, చివర్లో "నేను స్వార్థపరురాలినా అక్కా?" అని అడిగారు.

కాదమ్మా. ఆ అనుమానం ముందు మనసులోంచి తీసెయ్యండి. ఆ అనుమానంతోనే ఆడవాళ్లు చూడకుండా సంతకాలు పెడతారు.

నేను ముప్పై ఒక్కేళ్లు బ్యాంకులో పనిచేశాను. ఎక్కువ కాలం వ్యవసాయ రుణాలు, బంగారం రుణాలు చూశాను. రాజోలు, నరసాపురం, ఆకివీడు, ముమ్మిడివరం, ఇలా గోదావరికి రెండు పక్కలా తిరిగాను. మీరు అడిగిన ప్రశ్న నన్ను నోరు తెరిచి అడిగినవాళ్లు చాలా తక్కువ. కానీ బల్లకి అవతల కూర్చున్న ఆడవాళ్ల మొహాల్లో మాత్రం ఎన్నోసార్లు చూశాను. నేను చెప్పేది ఒకటే. మొత్తం అప్పు కాగితం మీద మీ కళ్లతో చూసేదాకా పొలం విషయంలో అవుననీ అనకండి, కాదనీ అనకండి. "లెక్క చూద్దాం" అనండి, అంతే.

మీవారు "పద్దెనిమిది దాకా" అన్నారు చూడండి, ఆ "దాకా" దగ్గరే నాకు భయం. తన అప్పు ఎంతో సరిగ్గా తెలిసిన మనిషి దాకా అనడు. ఆయన మిమ్మల్ని మోసం చేస్తున్నారని నేను అనుకోవడం లేదు. కూడికలు వేసుకునే ధైర్యం ఆయనకే చాలడం లేదు.

ఎలా తెలుసంటే, మా ఇంట్లోనూ ఇదే జరిగింది. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. మావారిది కొబ్బరికాయల వ్యాపారం. రైతులకు ముందే అడ్వాన్సులిచ్చి దింపులు కొనుక్కునేవారు. చెట్లే పోయాక కాయలెక్కడివి, ఇచ్చిన అడ్వాన్సులు తిరిగి ఎవరిస్తారు? ఈ సంగతి ఆయన నాకు ఏడాదిన్నర పాటు చెప్పలేదు. పగలంతా బ్యాంకులో ఊరందరి అప్పులూ లెక్కకట్టి ఇంటికొచ్చేదాన్ని, నా ఇంటి అప్పు మాత్రం నాకు తెలీదు. ఒక ఆదివారం బట్టలు నానబెడుతుంటే చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన ప్రాంసరీ నోటు జెరాక్సు దొరికింది. నీళ్ల చేత్తో పట్టుకున్నాను, సంతకం దగ్గర సిరా పాకిపోయింది.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక క్యాలెండర్లో అయిపోయిన నెల కాగితం చింపాను. వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా. ఆయన ముందు పెట్టి పెన్ను నేనే పట్టుకున్నాను. "మీరు చెప్పండి, నేను రాస్తాను" అన్నాను. మొదటి రాత్రి నాలుగు పేర్లు వచ్చాయి. రెండో రాత్రి మరో రెండు. ఇక అయిపోయింది అన్నారు. మూడో రోజు పొద్దున్న కాఫీ గ్లాసులోకి చూస్తూ "ఇంకొకటి ఉంది" అన్నారు. అది మా తమ్ముడి దగ్గర తీసుకున్న నలభై వేలు. మొత్తం చిట్టాలో చిన్న బాకీ అదే. ఆయన గొంతు దాటి రావడానికి ఎక్కువ కష్టపడిందీ అదే.

తర్వాత బ్యాంకులో నా దగ్గరికి వచ్చినవాళ్లలో కూడా దాదాపు ఇదే వరస చూశాను. ముందు బ్యాంకు అప్పు చెప్తారు, దానికి కాగితాలుంటాయి కనుక. ఆ తర్వాత మేత కొట్టు బాకీ. తర్వాత ప్రాంసరీ నోటు రాసిచ్చి వడ్డీకి తెచ్చినవి. తర్వాత స్నేహితుల దగ్గర చేబదుళ్లు. ఆఖరున భార్య తరఫు వాళ్ల దగ్గర తీసుకున్నది. అందుకని మీరు రాసే కాగితంలో కింద సగం ఖాళీగా వదలండి. "ఇంతేనా?" అని మాత్రం అడక్కండి, అడిగితే "ఇంతే" అంటారు. "గుర్తొచ్చినప్పుడు చెప్పండి, రాసుకుందాం" అనండి. ఆ సమయంలో అరవకండి, ఏడవకండి అని నేను చెప్పను. ఏడుపు వస్తే ఏడవండి, కానీ పెన్ను మాత్రం కింద పెట్టకండి.

ప్రతి బాకీ పక్కనా ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంత, వడ్డీ ఎన్ని రూపాయలు, ఇప్పటిదాకా ఎంత కట్టారు అన్నది రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, దానికి ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు అన్నది. నోటా, ఖాళీ చెక్కా, స్టాంపు కాగితమా? సాక్షి ఎవరు? హామీ ఎవరు?

వడ్డీ గురించి కాస్త ఆగి చెప్తాను. మనవాళ్లు రెండు రూపాయలు, మూడు రూపాయలు అని తేలిగ్గా అనేస్తారు. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఆ పద్దెనిమిదిలో ఒక ఆరు లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినదే అనుకోండి. నెలకు వడ్డీ 18,000. మీరు వంగి వంగి నడుము పట్టేసేలా నెలంతా మగ్గం మీద పూసలు, జర్దోసీ కుట్టినా పద్నాలుగు వేలు. అంటే మీ కష్టమంతా తీసుకెళ్లి పోసినా ఆ ఒక్క నోటు వడ్డీకే సరిపోదు, అసలు రూపాయి కూడా తగ్గదు. ఇంకోటి, నోటుకి గడువు మూడేళ్లు. మూడేళ్లు నిండబోతుండగా వడ్డీని అసల్లో కలిపి నోటు తిరగరాయించుకుంటారు. రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెచ్చి ఏమీ కట్టకపోతే, మూడేళ్లకు నోటు 17 లక్షల 20 వేలకు తిరగరాస్తారు. ఇంకో మూడేళ్లకు అది 29 లక్షల 58 వేలు. మీవారి దగ్గర ఇలా తిరగరాసిన నోట్లు ఏమైనా ఉన్నాయేమో తప్పకుండా అడగండి. లీజు ఎప్పటి నుంచి చేస్తున్నారో మీరు రాయలేదు కాబట్టి ఇది నేను ఊహించలేను.

ఇక మీవారి గురించి. మీ ఉత్తరంలో కోపం ఉంది, ఉండాల్సిందే. కానీ రొయ్యల్లో పోయిందంటే తాగి తగలేసినట్టు కాదమ్మా. ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. ఆ మేత కొట్టువాళ్లే అరువిస్తారు, చాలాచోట్ల సరుకు వాళ్లు చెప్పినవాళ్లకే తోలాలన్న షరతు కూడా ఉంటుంది. వైట్ స్పాట్ అనే తెల్లమచ్చల రోగం తగిలితే వారం తిరక్కుండా చెరువంతా పోతుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ సమయంలో కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే పొద్దున్నకి రొయ్య పైకి తేలిపోయి కనిపిస్తుంది. రోగాలన్నీ తప్పించుకుని పంట తీసినా ధర మన చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే భీమవరం చుట్టుపక్కల రైతు గుండె జారిపోయింది. అందులో మీ ఆయన తప్పేముంది? ఆయన తప్పల్లా మొదటి పంట పోయినప్పుడు మీకు చెప్పకుండా, అప్పు మీద అప్పు తెచ్చి రెండోది వెయ్యడం. పోయిన చోటే వెతుక్కోవాలన్న పట్టుదల. ఈ రెండిటినీ మీరు విడదీసి చూస్తే ఆయనతో మాట్లాడటం సులువవుతుంది. పంట పోయినందుకు తిట్టకండి. చెప్పనందుకు నిలదీయండి.

మీరు రాసిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. "నాది పెద్ద సంపాదనేం కాదు అక్కా, ఏదో వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు" అన్నారు. ఆ పైనే ఏం రాశారో మీరే చూసుకోండి. పద్నాలుగు నెలలుగా పిల్లల ఫీజులు, పాలు, గ్యాసు, కరెంటు బిల్లు, అత్తగారి బీపీ మాత్రలు మీ డబ్బుతోనే నడుస్తున్నాయి. ఇంకెక్కడి చన్నీళ్లమ్మా? కాగులో ఉన్న నీళ్లన్నీ మీవే.

ఇది మీ ఒక్కరి సంగతి కాదు. మా అత్తగారిది నరసాపురం పక్క ఊరు. అక్కడ లేసు పని 1840ల్లో మిషనరీలు నేర్పినప్పటి నుంచీ ఉంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆవిడ మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని, చీకటి పడి కన్ను ఆననంత వరకూ లేసు అల్లేవారు. చూపుడు వేలు మీద దారం రాసుకుని రాసుకుని గీతలా ఒక కాయ కాసింది. ఏజెంటు వచ్చి లెక్కపెట్టి తీసుకెళ్లేవాడు. ఆ డబ్బుతో ఇద్దరు ఆడపిల్లల చదువు గట్టెక్కింది. అయినా జనాభా లెక్కలవాళ్లు వచ్చి "మీ ఇంటావిడ ఏం చేస్తారు?" అంటే మా మావగారు "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. ఆయన మంచివారు. ఆవిణ్ణి ఒక్క మాట అనేవారు కాదు. కానీ ఆ పని పనిలా ఆయనకి కనపడలేదు. ఆవిడకీ కనపడలేదు, "పొద్దుపోక అల్లుతుంటాను" అనేవారు. కనపడని సంపాదన మీద ఎవరికైనా హక్కు తేలిగ్గా వచ్చేస్తుంది. అందుకని మీరు రాసే ఆ కాగితంలోనే ఒక పక్క అప్పులు రాస్తూ, ఇంకో పక్క ఈ పద్నాలుగు నెలల్లో మీ డబ్బు ఎంత ఇంట్లోకి వచ్చిందో కూడా రాయండి. నెలకు పన్నెండు వేలే వేసుకున్నా 1,68,000. దెప్పిపొడవడానికి చెప్పడం లేదు. పొలం విషయం మాట్లాడేటప్పుడు ఇప్పటిదాకా మీరు ఏమీ ఇవ్వనట్టు మాట మొదలవ్వకూడదు.

ఇప్పుడు సంతకాల సంగతి. దీన్ని మాత్రం దయచేసి నిదానంగా చదవండి.

ఆకివీడులో ఉండగా ఒక జంట బంగారం రుణానికి వచ్చారు. ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయి. నాంతాడు తీసి బల్ల మీద పెట్టింది. శతమానాలు అప్పటికే విడదీసి పసుపుతాడుకి గుచ్చుకుని మెడలో వేసుకుంది. తాడు కొత్తది, పసుపు ఇంకా తడి ఆరలేదు, జాకెట్టు అంచుకి అంటుకుంది. అప్రైజరు గొలుసు గీటురాయి మీద గీస్తుంటే చూడకుండా తల పక్కకి తిప్పుకుంది. నేను పేరు అడిగితే భర్త చెప్పాడు. ఎంత కావాలంటే భర్త చెప్పాడు. ఎందుకంటే "చెరువుకండీ" అని భర్తే చెప్పాడు. "అమ్మా, సంతకం మీరు పెట్టాలి, వడ్డీ ఎంతో, గడువు ఎప్పుడో తెలుసా?" అని నేను ఆవిణ్ణే అడిగాను. ఆయన వైపు చూసింది. ఆరోజు నేను కాగితం తిప్పి ఆవిడ చేత చదివించాను. పది నిమిషాలు పట్టింది, వెనక క్యూలో వాళ్లు విసుక్కున్నారు. చదివాక ఆ అమ్మాయి ఒకటే అడిగింది, "ఏడాదికి కట్టకపోతే వేలం వేసే ముందు నాకు చెప్తారాండీ, ఆయనకి చెప్తారా?" అని. రుణం ఎవరి పేరున ఉంటే నోటీసు వాళ్లకే వస్తుందని చెప్పాను. వెంటనే రుణం తన పేరునే రాయించుకుంది, తన ఫోన్ నంబరే ఇచ్చింది.

మీ బంగారం బ్యాంకులో ఉందన్నారు. ఎవరి పేరున ఉందో, మెసేజ్‌లు ఎవరి ఫోనుకి వస్తున్నాయో ఈ వారంలోనే కనుక్కోండి.

భార్య అయినంత మాత్రాన భర్త చేసిన అప్పుకి మీరు బాధ్యులు కారు. సంతకం పెడితే అవుతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప, హామీ ఉన్నవాళ్ల బాధ్యత అప్పు తీసుకున్నవాళ్లతో సమానం. "ఊరికే సాక్షిగా పెట్టమ్మా" అంటారు. మీరు పెట్టేది సాక్షి గడిలోనో, హామీ గడిలోనో, అప్పుదారు గడిలోనో చదివి చూసుకోవాలి. మీ ఖాతా తాలూకు ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకండి. అది చెల్లకపోతే కేసు సంతకం పెట్టినవాళ్ల మీద పడుతుంది, అందులో రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. ఇంకో పద్ధతి మన వైపు బాగా ఉంది. వడ్డీకి ఇచ్చేవాళ్లు తనఖా రాయించుకోకుండా పొలానికి అమ్మకపు అగ్రిమెంటో, జీపీఏనో (మీ తరఫున అమ్మే అధికారం ఇచ్చే కాగితం) రాయించుకుంటారు. "ఊరికే నమ్మకానికి, డబ్బు ఇచ్చాక చింపేద్దాం" అంటారు. ఆ కాగితం ప్రకారం మీరు పొలం అమ్మడానికి ఒప్పుకున్నట్టే. అలాంటిదాని మీద ఎవరు బతిమాలినా, మీవారు కాళ్లు పట్టుకున్నా సంతకం పెట్టొద్దు. పొలం పోగొట్టుకోవాల్సి వస్తే ధరకి అమ్ముకుని పోగొట్టుకుందాం, వడ్డీ కింద పోగొట్టుకోకూడదు.

డ్వాక్రా గ్రూపులో అప్పు తీసి ఇమ్మని కూడా అడుగుతారు. చెరువు కోసం తియ్యకండి. మీరు కట్టలేకపోతే ఆ భారం మిగతా సభ్యుల మీద పడుతుంది, రేపు వీధిలో తలెత్తుకోలేరు. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్సు అప్పులు ఆడవాళ్లని ఎంత దూరం తరిమాయో నేను కళ్లారా చూశాను, ప్రభుత్వం ఆర్డినెన్సు తెస్తే గాని ఆ వసూళ్ల వేధింపులు ఆగలేదు.

పొలానికి వద్దాం. పసుపు కుంకుమ కింద ఇచ్చారన్నారు, కాగితం ఉందా? రిజిస్టరు అయిందా? ఇది మీరు రాయలేదు, అసలు ప్రశ్న ఇదే. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం స్త్రీకి పెళ్లిలో గానీ, కానుకగా గానీ, వారసత్వంగా గానీ వచ్చిన ఆస్తి మీద ఆమెకే సంపూర్ణ హక్కు. భర్తకి గానీ అత్తగారికి గానీ అందులో వాటా లేదు. కానీ స్థిరాస్తి దానంగా ఇస్తే, ఇద్దరు సాక్షులతో రిజిస్టరు దస్తావేజు ఉండాలని ఆస్తి బదిలీ చట్టం చెప్తుంది. పెళ్లి పందిట్లో పదిమంది ముందు "ఈ పొలం చెక్క మా అమ్మాయిది" అని నాన్నగారు అన్న మాట పెద్దమనుషుల్లో చెల్లుతుంది. అన్నయ్య అడ్డం తిరిగితే కోర్టులో దాన్ని నిలబెట్టడానికి ఏళ్లు పడుతుంది.

మీ అన్నయ్య ప్రతి సంక్రాంతికి నాలుగు బస్తాల బియ్యం, కొబ్బరికాయలు, పిల్లలకి బట్టలు పంపిస్తారని, "పుట్టింటి సారె తక్కువ చెయ్యలేదు" అని సంతోషంగా రాశారు. ఆ పొలం ఇప్పుడు ఎవరు చేస్తున్నారమ్మా? అన్నయ్యే కదా. సార్వా, దాళ్వా రెండు పంటలకీ కలిపి మీ ఊళ్లో 60 సెంట్లకి కౌలు ఎన్ని బస్తాల ధాన్యం నడుస్తోందో, 75 కేజీల బస్తా లెక్కన కనుక్కోండి. వచ్చే బియ్యం మీ కౌలు గింజలే కావచ్చు, అంతకన్నా తక్కువ కూడా కావచ్చు. సారె సారే, కౌలు కౌలే. అన్నయ్య చెడ్డవాడని ఈ మాట అనడం లేదు. ఆడపిల్లకి ఇచ్చిన పొలం మీద వచ్చేది కూడా అన్నదమ్ముల దయలా కనపడటం మన ఇళ్లలో అలవాటైపోయింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఎన్టీఆర్ ప్రభుత్వం కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా చట్టం తెచ్చింది, 2005లో అది దేశమంతటికీ వచ్చింది. అయినా ఇప్పటికీ ఆడపిల్ల తన చెక్క కాగితం అడిగితే "మామీద నమ్మకం లేదా?" అంటారు. నమ్మకం ఉంది కాబట్టే ఇన్నేళ్లు అడగలేదని చెప్పండి.

కాబట్టి పట్టాదారు పాస్‌బుక్, 1బి (రెవెన్యూ భూమి రికార్డు) ఎవరి పేరున ఉన్నాయో చూడండి. ప్రభుత్వ మీభూమి వెబ్‌సైట్లో సర్వే నంబరు కొడితే కనపడుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, తీయించండి. నాన్నగారి పేరునే ఉంటే, ఆయన ఉన్నప్పుడే మీ పేరున గిఫ్టు దస్తావేజు రాయించుకోండి. అమ్మినా ఉంచుకున్నా ఇది మాత్రం కావాలి. వకీలు ఖర్చుకి భయపడకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చెయ్యండి.

అమ్మాలా వద్దా అని సూటిగా అడిగారు, నేనూ సూటిగానే చెప్తాను. ఇప్పుడు మొత్తం అమ్మొద్దు. అప్పులన్నీ ఒకలాంటివి కావు. బ్యాంకు పంట రుణానికి గడువు పెంచమని అడగొచ్చు, మొండి బకాయి అయితే ఓటీఎస్, అంటే ఒకేసారి కొంత కట్టి తేల్చుకునే ఒప్పందం, అడగొచ్చు. మేత కొట్టు వాళ్లు ఒక్కసారిగా కొంత చేతిలో పెడితే వడ్డీ మాఫీ చేసి అసలుకి ఒప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను, ఆ మాట మాట్లాడటానికి ఊళ్లో పెద్దమనిషిని ఒకరిని తీసుకెళ్లండి. బంధువులు, స్నేహితుల చేబదుళ్లకి నెలకింత అని ఒప్పుకుంటే ఆగుతారు, ముఖం చాటేస్తేనే గొడవ చేస్తారు. ఆగనిది మూడు రూపాయల నోటు ఒక్కటే. దాన్ని తీర్చడానికి వేరే దారి లేదని కాగితం చూశాక తేలితే, అప్పుడు పొలంలో ఒక ముక్క, 20 సెంట్లో పాతికో, అమ్మడం గురించి ఆలోచించండి. అన్నయ్యకి బాధ అంటే ఊళ్లో నడిచే ధరకి ఆయన్నే కొనుక్కోమనండి.

అమ్మితే మాత్రం అమ్మేది మీరు. డబ్బు మీ ఖాతాలో పడాలి. అక్కడి నుంచి నేరుగా అప్పులవాడి ఖాతాకి బ్యాంకు ద్వారా వెళ్లాలి. నోటు మీద చెల్లు రాయించి, అసలు నోటు మీ చేతికి తెచ్చుకోవాలి. "తర్వాత వెతికిస్తాను" అంటే డబ్బు కూడా తర్వాతే. ఆ ముక్క అమ్మడానికి మీవారు మీకు ఒక మాట ఇవ్వాలి, ఏడాది పాటు అప్పు తెచ్చి కొత్త పంట వెయ్యనని. రొయ్యల పని తెలిసిన మనిషి, పరాయి చెరువు మీద సూపర్‌వైజరుగా జీతానికి చెయ్యొచ్చు. నిన్నటిదాకా రైతునని చెప్పుకున్న మనిషికి అది ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. మావారు అడ్వాన్సులిచ్చిన చేత్తోనే మూడేళ్లు వేరే వాళ్ల కొబ్బరి గోడౌనులో లెక్కలు రాశారు. మొదటి నెల జీతం తెచ్చి దేవుడి దగ్గర పెట్టకుండా నా చేతిలో పెట్టి, మాట్లాడకుండా పెరట్లోకి వెళ్లిపోయారు.

మీ ఉత్తరంలో రెండు మాటలు నన్ను నిద్రపోనివ్వలేదు. ఆయన రాత్రుళ్లు ఖాళీ చెరువు గట్టు మీద కూర్చుంటున్నారని, "నేను లేకపోతే మీ అందరికీ పీడ వదులుతుంది" అన్నారని. దాన్ని విసుగులో అన్న మాటగా తీసుకోకండి. ఈ రోజే పక్కన కూర్చుని "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా జరగదు. అడిగినవాళ్లు ఒకరున్నారని తెలిస్తే మనిషికి ఊపిరాడుతుంది. అవునన్నా, జవాబు చెప్పకుండా తల దించుకున్నా ఒంటరిగా వదలకండి, ఎవరైనా ఒకరు పక్కనే ఉండండి, ఆ రోజే ఆస్పత్రిలో డాక్టరుకి చూపించండి. ఇంట్లో, చెరువు షెడ్డులో ఉన్న పురుగుమందులు, కెమికల్ డబ్బాలు ఆయనకి అందకుండా ఈ రోజే తీయించేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ముందు మీరే చేసి, తర్వాత ఫోను ఆయన చేతికివ్వండి. అప్పుల కాగితం రాయడం ఒక వారం ఆలస్యమైనా ఫర్వాలేదు, ఇది మాత్రం ఆలస్యం చెయ్యకండి.

అత్తగారికి ఏం చెప్పాలని అడిగారు. "ఆదుకోనని అనలేదు అత్తయ్యా, లెక్క చూసి ఆదుకుంటాను" అనండి. వీలైతే కాగితం రాసే రాత్రి ఆవిణ్ణి కూడా కూర్చోబెట్టండి. కొడుకు అప్పు ఎంతో ఆవిడకీ తెలిసి ఉండదు.

పాస్‌బుక్ ఎవరి పేరున ఉందో, మీరు ఇదివరకే ఎక్కడైనా సంతకం పెట్టారేమో, మూడు రూపాయల నోట్లు మొత్తం ఎంతో, ఈ మూడూ తెలిశాక మళ్లీ రాయండి. అంకెలు పెట్టి కూర్చుని చూద్దాం. ముందు మాత్రం ఈ రాత్రి ఆయన గట్టు మీదికి వెళ్తే మీరూ వెంట వెళ్లండి.